కలిపి కట్టాలా, విడిగా ఉంచాలా? (కంప్యూటర్ కెర్నెల్ చరిత్ర)

ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు కోరారు. ఇందూరు ఖిల్లా గురించి, డిచ్‌పల్లి రామాలయం గురించి, నిజాంసాగర్ గురించి నాకంటే బాగా రాయగలవారు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను వేరొక చరిత్రను ఎంచుకున్నాను. ట్రెజరీ బల్లమీది కంప్యూటర్‌లోనూ, మన జేబులోని ఫోనులోనూ కంటికి కనబడకుండా పనిచేసే ఒక వస్తువు చరిత్ర ఇది. దాని పేరు కెర్నెల్.

ఇది పెన్షనర్లకు ఎందుకు అని కొందరు మిత్రులు అడగవచ్చు. పూర్వం మనం బతికి ఉన్నామని చెప్పడానికి అధికారి ఎదుట స్వయంగా హాజరై సంతకం చేస్తే సరిపోయేది. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ ప్రారంభమైన తర్వాత వేలిముద్ర యంత్రం ఆ పనిలోకి వచ్చింది. 2021 నవంబరులో ముఖాన్ని ఫోను కెమెరాతో గుర్తించే పద్ధతి కూడా చేరింది. మనిషి నిక్షేపంగా ఎదుట కూర్చున్నా, వేలిముద్ర పరికరాన్ని కంప్యూటర్ గుర్తించకపోతే ధ్రువపత్రం రాదు. పరికరాన్ని గుర్తించే ఆ పని మొదలయ్యేది కెర్నెల్ దగ్గరే. కనుక ఆ కెర్నెల్‌ను ఎలా కడతారో, దానిలోకి ఎవరిని రానిస్తారో తెలుసుకోవడం మనకు సంబంధించిన విషయమే.

కెర్నెల్ అంటే ఏమిటి?

ఇంగ్లీషులో ఆ మాటకు గింజలోని పప్పు అని అర్థం. బాదంకాయ పగలగొడితే లోపల దొరికేది కెర్నెల్. కంప్యూటర్‌లో మనం చూసే బొమ్మలు, అక్షరాలు, బటన్లు అన్నీ పైపెంకు. లోపలి పప్పు వేరే ఉంది.

మన ఆఫీసు భాషలో చెబుతాను. రికార్డు రూములోకి ప్రజలు నేరుగా వెళ్లరు. కౌంటరు దగ్గర దరఖాస్తు ఇస్తారు. దాన్ని చూసి, అర్హత ఉంటే, రికార్డు కీపరు దస్త్రం తీసి ఇస్తాడు. కంప్యూటర్‌లో కెర్నెల్ ఆ రికార్డు కీపరు వంటిది. ఉత్తరాలు టైపు చేసే ప్రోగ్రాము గానీ, జీతాల బిల్లు కట్టే ప్రోగ్రాము గానీ డిస్కును నేరుగా ముట్టుకోలేదు. కెర్నెల్‌ను అడగాలి. మెమరీలో ఎవరికి ఎంత చోటు, ప్రాసెసర్ ఎవరికి ఎంతసేపు అనేవన్నీ కెర్నెలే నిర్ణయిస్తుంది. యంత్రంలోని అన్ని గదుల తాళాలూ దాని చేతిలో ఉంటాయి.

ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క భాష ఉంటుంది. ఆ భాష తెలిసిన గుమాస్తాను డ్రైవర్ అంటారు. ఈ డ్రైవర్లన్నిటినీ కెర్నెల్‌లో ముందుగానే కలిపి కట్టాలా, లేక విడిగా ఉంచి అవసరమైనప్పుడు లోపలికి పిలవాలా? ఇదే మన వ్యాసంలోని ప్రశ్న. విడిగా ఉంచి, నడుస్తున్న కెర్నెల్‌లోకి చేర్చే భాగాన్ని మాడ్యూల్ అంటారు.

బోధన్ మిల్లులో ఇదే ప్రశ్న

మన ప్రాంతం వారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో చెరకు పెరిగింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపన జరిగింది. శక్కర్‌నగర్ అన్న పేరే దాని వల్ల వచ్చింది. ఆ ఫ్యాక్టరీ క్రషింగ్ సీజనులో నడుస్తుండగా చూసినవారు మన సభ్యులలో ఇప్పటికీ ఉన్నారు.

చెరకు ముక్కలు చేసే కత్తులు, వరుసగా నిలిచిన రోలర్లు, రసం శుద్ధి చేసే తొట్లు, పాకం కాచే పానులు, పంచదారను మడ్డి నుంచి విడదీసే సెంట్రిఫ్యూగల్ యంత్రాలు, ఇవన్నీ ఒకే గొలుసు. రోలర్లలో ఒకటి విరిగితే వెనకా ముందూ అన్నీ ఆగుతాయి. కొట్టిన చెరకు ఎండలో ఉంటే తీపి తగ్గుతుంది. తీసిన రసం నిలవ ఉంటే పులుస్తుంది. బయట బండ్లు బారులు తీరి ఉంటాయి. అందుకే పెద్ద మరమ్మతులన్నీ సీజను ముగిసిన తర్వాత వేసవిలో పెట్టుకునేవారు. కాటాను గానీ, బస్తాలు కుట్టే మిషనును గానీ మార్చాలంటే మిల్లు మొత్తం ఆపవలసిన పని లేదు. ఏది గొలుసులో ఉండాలి, ఏది పక్కన ఉండాలి అన్న తేడా తెలిసినవాడే మంచి ఇంజనీరు.

మొత్తం ఒకే ముద్దగా ఉన్న రోజులు

1969లో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనే ఇద్దరు యునిక్స్ అనే వ్యవస్థను మొదలుపెట్టారు. 1973లో దానిని సి భాషలో తిరిగి రాశారు. దాని కెర్నెల్ ఒకే ముద్ద. కొత్త పరికరం కొంటే దాని డ్రైవర్‌ను తెచ్చి, మిగతా భాగాలతో కలిపి కెర్నెల్‌ను మళ్లీ తయారుచేసి, యంత్రాన్ని ఆపి, కొత్త కెర్నెల్‌తో లేపాలి.

మన దేశంలో 1976లో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ఏర్పడింది. 1980ల చివరిలో ఆ సంస్థ జిల్లా కేంద్రాలను ఉపగ్రహం ద్వారా కలిపింది. ఆ కాలంలోనూ, 1990లలోనూ కార్యాలయాలలోకి, బ్యాంకులలోకి వచ్చిన అనేక యంత్రాలలో యునిక్స్ జాతి వ్యవస్థలే ఉండేవి. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఒకే కంప్యూటర్‌కు నాలుగు టెర్మినళ్లు కలపడానికి ఒక కార్డు తెచ్చారు. కార్డు బిగించడానికి పది నిమిషాలు చాలింది. కెర్నెల్‌ను తిరిగి కలిపి, యంత్రాన్ని ఆపి లేపి, సరిగా వచ్చిందని చూసేసరికి మధ్యాహ్నం గడిచిపోయింది. అంతసేపూ కౌంటరు దగ్గర జనం నిలబడే ఉన్నారు. కొత్త పోస్టు మంజూరు కావాలంటే మొత్తం ఎస్టాబ్లిష్‌మెంటునే రద్దుచేసి తిరిగి మంజూరు చేసినట్లు ఉండేది ఆ పద్ధతి.

హెల్సింకి విద్యార్థి, ఆమ్‌స్టర్‌డాం ఆచార్యుడు

1991 ఆగస్టు 25న ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లీనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల యువకుడు తాను ఒక చిన్న వ్యవస్థను రాస్తున్నానని కంప్యూటర్ మిత్రులకు ప్రకటించాడు. అదే లినక్స్. ఆమ్‌స్టర్‌డాంలో ఆచార్యుడైన ఆండ్రూ టానెన్‌బామ్ 1987లో విద్యార్థుల కోసం మినిక్స్ అనే వ్యవస్థను రాసి ఉన్నాడు. ఆయన 1992 జనవరిలో లినక్స్ కట్టుబడిని బహిరంగంగా విమర్శించాడు. అన్నీ ఒకే ముద్దగా కట్టడం పాతకాలపు పద్ధతి అని ఆయన వాదన. కెర్నెల్ చాలా చిన్నదిగా ఉండాలి, డ్రైవర్లు, ఫైళ్ల నిర్వహణ వంటివి ప్రహరీ బయట వేరు వేరు ప్రోగ్రాములుగా నడవాలి అని ఆయన సిద్ధాంతం. అలా కడితే ఒక డ్రైవర్ పడిపోయినా యంత్రం నిలుస్తుంది. టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు. ప్రతి చిన్న పనికీ ప్రహరీ దాటి ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపితే వేగం తగ్గుతుంది, పని జటిలమవుతుంది అని అతని వాదన.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. చరిత్ర మధ్యేమార్గం పట్టింది. కెర్నెల్ ఒకే ముద్దగానే ఉంటుంది, కానీ దానికి తలుపులు పెట్టారు. అవసరమైన డ్రైవర్‌ను యంత్రం నడుస్తుండగానే లోపలికి తెచ్చి, పని అయిన తర్వాత పంపివేయవచ్చు. 1995 మార్చిలో లినక్స్ 1.2 వచ్చేనాటికి ఈ మాడ్యూళ్ల పద్ధతి వాడుకలోకి వచ్చింది. 1996లో వచ్చిన 2.0లో, అవసరం పడగానే కెర్నెలే మాడ్యూల్‌ను పిలిపించుకునే ఏర్పాటు కూడా జరిగింది.

దీని ప్రయోజనం సామాన్యులకే ఎక్కువ దక్కింది. అంతకుముందు లినక్స్ పంచేవారు ఈ రకం డిస్కుకు ఈ ఫ్లాపీ, ఆ రకం డిస్కుకు ఆ ఫ్లాపీ అని విడివిడిగా తయారుచేసి పెట్టేవారు. మాడ్యూళ్లు వచ్చాక ఒకే సీడీ ఎన్నో రకాల యంత్రాలకు సరిపోయింది. వాడని డ్రైవర్ మెమరీలో చోటు తినదు. నాలుగు మెగాబైట్ల మెమరీ ఉన్న ఆనాటి యంత్రాలకు అది చిన్న పొదుపు కాదు.

వై, ఎం, ఎన్

పదవీ విరమణ తర్వాత మా ఇంట్లో మూలపడిన ఒక పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసుకొని, కెర్నెల్‌ను నేనే తయారుచేశాను. దాని మూల రచన అంతా అందరికీ తెరిచి ఉంటుంది కనుక ఎవరైనా చేయవచ్చు. తయారీకి ముందు అది వేలకొద్దీ ప్రశ్నలు అడుగుతుంది. చాలావాటికి మూడు జవాబులు. వై అంటే కెర్నెల్‌లో కలిపి కట్టు. ఎం అంటే మాడ్యూల్‌గా విడిగా ఉంచు. ఎన్ అంటే అసలు వద్దు. ముప్పై ఏళ్లు ఫైళ్లమీద నోట్లు రాసినవాడికి ఇది సులభంగానే అర్థమైంది. మొదటిది శాశ్వత పోస్టు. రెండవది డిప్యుటేషన్. మూడవది, పోస్టు అవసరం లేదని తిప్పి పంపడం.

అన్నీ మొదటి రకమైతే కెర్నెల్ బరువెక్కుతుంది. అన్నీ రెండవ రకమైతే ఒక చిక్కు వస్తుంది. ట్రెజరీలో పనిచేసిన మిత్రులకు ఆ చిక్కు వెంటనే తెలుస్తుంది. స్ట్రాంగ్ రూము తాళంచెవిని స్ట్రాంగ్ రూములోనే పెడితే తలుపు ఎలా తీస్తారు? డిస్కును చదివే డ్రైవర్‌ను మాడ్యూల్‌గా చేసి ఆ డిస్కులోనే దాచితే, కెర్నెల్ లేచిన తర్వాత డిస్కును చదవలేదు, చదవలేక డ్రైవర్‌ను తెచ్చుకోలేదు. యంత్రం అక్కడే నిలిచిపోతుంది.

దీనికి రెండు పరిష్కారాలు. ఒకటి, ఆ డ్రైవర్‌ను కెర్నెల్‌లోనే కలిపి కట్టడం. రెండవది, అత్యవసరమైన నాలుగు మాడ్యూళ్లను ఒక చిన్న మూటగా కట్టి, కెర్నెల్‌తో పాటే మెమరీలోకి ఎక్కించడం. చక్కెర మిల్లులో బాయిలరుకు ఇంధనం చెరకు పిప్పి. పిప్పి రావాలంటే మిల్లు ఆడాలి, మిల్లు ఆడాలంటే ఆవిరి కావాలి. అందుకే సీజను మొదటి రోజున బాయిలరు వెలిగించడానికి నిలవ ఉంచిన పిప్పో, కట్టెలో సిద్ధంగా పెట్టుకుంటారు. ఈ చిన్న మూట అటువంటిదే. మిల్లు ఆడిన తర్వాత దాని అవసరం తీరిపోతుంది.

ఎల్.పి.సి., సంతకం, రిమార్కు

డిప్యుటేషన్ మీద వచ్చినవారిని ఊరికే కుర్చీలో కూర్చోబెట్టరు. లాస్ట్ పే సర్టిఫికెట్ లేనిదే కొత్త ఆఫీసులో జీతం బిల్లు కాదు. మాడ్యూల్‌కు కూడా అటువంటి కాగితం ఉంటుంది. ఏ కెర్నెల్ కోసం, ఏ అమరికలతో తయారైందో దానిమీద రాసి ఉంటుంది. సరిపోకపోతే కెర్నెల్ వెనక్కు పంపుతుంది. పనిలో ఉన్న మాడ్యూల్‌ను తీసేయమన్నా కెర్నెల్ ఒప్పుకోదు. చార్జి అప్పగించకుండా రిలీవ్ చేయనట్లే.

2012 డిసెంబరులో వచ్చిన 3.7 నుంచి మాడ్యూల్ మీద డిజిటల్ సంతకాన్ని పరీక్షించే సదుపాయం లినక్స్‌లో చేరింది. కావాలంటే, సంతకం లేని దానిని లోపలికి రానివ్వకుండా కట్టుదిట్టం చేయవచ్చు. మూల రచన చూపించకుండా కొన్ని కంపెనీలు ఇచ్చే మాడ్యూళ్లను చేర్చితే, కెర్నెల్ తన రికార్డులో ఒక మచ్చ రాసుకుంటుంది. సర్వీసు బుక్కులో ప్రతికూల రిమార్కు వంటిది అది. ఆ తర్వాత యంత్రం చెడిందని ఫిర్యాదు పంపితే, లోపల ఏముందో కనబడనిదానికి మేము జవాబుదారులం కాలేమని కెర్నెల్ కట్టినవారు సాధారణంగా చెబుతారు. న్యాయమే.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, లోపలికి వచ్చిన మాడ్యూల్‌కు కెర్నెల్‌తో సమానమైన అధికారం వస్తుంది. డిప్యుటేషన్ గుమాస్తా చేతికి ఆఫీసులోని అన్ని తాళాలూ వెళ్లినట్లే. 1990ల చివరి నుంచే దొంగ మాడ్యూళ్లు రాసి, యంత్రంలో తమ జాడ కనబడకుండా దాక్కున్న దుర్మార్గులు ఉన్నారు. ఓపెన్‌బీఎస్‌డీ అనే మరొక వ్యవస్థ వారు భద్రతకు మొదటి స్థానం ఇస్తారు. వారు 2015లో వచ్చిన 5.7 నుంచి మాడ్యూళ్ల సదుపాయాన్నే తీసివేశారు. తలుపు లేని గోడకు కాపలా అవసరం లేదని వారి లెక్క. కొత్త పరికరానికి కొత్త కెర్నెల్ కావలసి వచ్చినా సరేనని వారు ఒప్పుకున్నారు.

2024 జులై 19

లోపలివాడి పొరపాటు ఎంత దూరం పోతుందో ప్రపంచమంతా ఒకేరోజు చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ సాఫ్ట్‌వేర్ విండోస్ కెర్నెల్ లోపల డ్రైవర్‌గా పనిచేస్తుంది. ఆ డ్రైవర్‌కు పరీక్ష, సంతకం అన్నీ సక్రమంగానే ఉన్నాయి. కానీ అది ఎప్పటికప్పుడు చదువుకునే సమాచార ఫైలు ఒకటి ఆ రోజు తప్పుగా వచ్చింది. దానిని చదివిన డ్రైవర్ తనకు చెందని మెమరీ వైపు చెయ్యి చాచింది. దానితో యంత్రాలు కుప్పకూలాయి. సుమారు 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసుతో ప్రయాణికులు విమానం ఎక్కారు. యంత్రం లేస్తూనే మళ్లీ పడిపోవడం వల్ల, చాలాచోట్ల మనుషులు ఒక్కొక్క కంప్యూటర్ దగ్గర కూర్చొని సరిచేయవలసి వచ్చింది.

ఒక బయటి ప్రోగ్రాము పడిపోతే ఆ ప్రోగ్రామే పోతుంది. కెర్నెల్ లోపలిది పడిపోతే అందరూ పోతారు. టానెన్‌బామ్ హెచ్చరించిన ప్రమాదం ఇదే. మరొక పాఠం కూడా ఉంది. ఉద్యోగి నియామకానికి సంతకం చూశాం సరే, అతడు ప్రతిరోజూ తెచ్చే కాగితాలను ఎవరు చూస్తున్నారు? ఆడిట్ వారు మనలను అడిగిన ప్రశ్నే ఇది.

మన జేబులోని ఫోను

మన చాలామంది ఫోన్లలో ఉన్న ఆండ్రాయిడ్‌కు లోపలి పప్పు లినక్సే. చాలా ఏళ్ల పాటు ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క ఫోనుకు కెర్నెల్‌ను తనకు తోచినట్లు మార్చి, కెమెరా డ్రైవర్, స్పర్శ తెర డ్రైవర్ అన్నీ కలిపేసి బిగించేది. అసలు లినక్స్‌లో ఒక లోపం సరిదిద్దినా, ఆ దిద్దుబాటు ప్రతి ఫోనుకూ విడివిడిగా చేరాలి. కంపెనీ శ్రద్ధ చూపకపోతే చేరదు. రెండు మూడు సంవత్సరాలలోనే ఫోను పాతదైపోయిందని పిల్లలు చెప్పడానికి ఇది ఒక కారణం.

గూగుల్ వారు దీనికి మందుగా కెర్నెల్‌ను రెండుగా విడదీశారు. ముఖ్య భాగం అందరికీ ఒకటే. ఫోను కంపెనీల డ్రైవర్లు మాడ్యూళ్లుగా పక్కన ఉండాలి. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12తో, 5.10 కెర్నెల్‌తో కొత్తగా విడుదలయ్యే ఫోన్లకు ఈ నియమం పెట్టారు. ముఖ్య భాగంలో లోపం దిద్దితే, కంపెనీ డ్రైవర్లను కదపకుండానే దానిని మార్చే వీలు కలుగుతుంది. ముఖం చూపించి జీవన ధ్రువపత్రం పొందే ఫోను ఎక్కువ కాలం క్షేమంగా పనిచేయాలంటే ఈ విభజన ఎంతో అవసరం.

ముగింపు

కలిపి కట్టాలా, విడిగా ఉంచాలా అన్నదానికి ముప్పై ఏళ్ల అనుభవం చెప్పే జవాబు ఇది. యంత్రం లేవడానికి తప్పనిసరి అయినవి లోపల ఉండాలి, లేదా చేతికందేటట్లు ఉండాలి. అప్పుడప్పుడు అవసరమయ్యేవి మాడ్యూళ్లుగా ఉండవచ్చు. పని మారని, భద్రత ముఖ్యమైన యంత్రానికి తలుపులే లేకుండా కట్టినా మంచిదే. ఏ పద్ధతిలో కట్టినా, లోపలికి వచ్చేవాడెవడో, వాడిని రానిచ్చింది ఎవరో రికార్డులో కనబడాలి.

ఇంకొక మాట చెప్పి విరమిస్తాను. మన నిజాం షుగర్స్‌ను 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి ఇచ్చారు. 2015 డిసెంబరులో అది మూతపడింది. రోలర్లు, పానులు ఎలా బిగించాలో తెలిసిన కార్మికులు ఊరిలోనే ఉన్నారు. చెరకు పండించడం తెలిసిన రైతులూ ఉన్నారు. కానీ గేటు తాళం వారి చేతిలో లేదు. లినక్స్ కెర్నెల్‌కు అటువంటి గేటు లేదు. దాని మూల రచనను ఎవరైనా తీసుకొని, చదివి, దిద్ది, తమ యంత్రానికి తగినట్లు కట్టుకోవచ్చు. సీ-డాక్ వారు 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ గానీ, హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ వారి తెలుగు లినక్స్ గానీ దాని మీదే నిలిచాయి. కట్టిన కంపెనీ మూతపడినా, నేర్చుకున్నవాడు దానిని నడుపుకోగలడు.

అందుచేత మన సభ్యులకు ఒక మనవి. ఇంట్లో పాతబడిందని మూలపెట్టిన కంప్యూటర్ ఉంటే పాత సామానుకు అమ్మేముందు మనవళ్లతో, మనవరాళ్లతో కూర్చొని అందులో లినక్స్ వేయించి చూడండి. వై, ఎం, ఎన్ అని అది అడిగే ప్రశ్నలకు పిల్లలతో కలిసి జవాబులు చెప్పండి. ఏది శాశ్వతం, ఏది తాత్కాలికం, ఏది అనవసరం అని తేల్చడంలో మనకున్న అనుభవం వారికి ఇంకా రాలేదు.